బండి మెడ మీద సగం బొట్టు

కారు కంకర క్వారీ గుంతలో ముక్కు దించుకొని ఉంది.

తెల్ల మారుతి. పాతది. ముందు అద్దం బీటలు వారింది గానీ రాలిపోలేదు. డ్రైవర్ సీట్లో ఒక మనిషి స్టీరింగ్ మీదికి వాలి ఉన్నాడు. దూరం నుంచి చూస్తే పని చేసి అలసి కునుకు తీస్తున్నట్టుంది.

శుక్రవారం. మధ్యాహ్నం రెండున్నర.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నాగరాణి రాళ్లు పట్టుకొని గుంతలోకి దిగింది. వెనక హెడ్ కానిస్టేబుల్ గాలయ్య రొప్పుతూ దిగాడు.

"ముందుగా చూసిందెవరు?"

"నేనే అమ్మా." గట్టు మీద కంబళి భుజాన వేసుకున్న ముసలాయన చెయ్యి ఎత్తాడు. గొర్ల కాపరి గుర్వయ్య.

"ఏం చూసినవ్ తాతా?"

"బండి సీదా వచ్చింది. జోరుగ ఏం లేదు. గీ మలుపు కాడ తిరగలె. గట్లనే పోయింది."

"బ్రేక్ సప్పుడు వినపడ్డదా?"

"లేదు."

"హారన్?"

"లేదమ్మా. చెయ్యి మాత్రం ఊపిండు. లోపట రెండు చేతులు ఆడిచ్చిండు. నన్ను పలకరిస్తుండనుకున్న." గుర్వయ్య కంబళి కొసతో కళ్లు తుడుచుకున్నాడు. "నేను గూడ చెయ్యి ఊపిన."

నాగరాణి రోడ్డు వైపు చూసింది. టైర్ల గీతలు లేవు. ఆ మనిషి మలుపు తిప్పలేదు. బ్రేక్ వేయలేదు.

"తనే కావాలని దూకిండేమో మేడం," గాలయ్య మెల్లగా అన్నాడు. "రాళ్లచెలక లింగస్వామి. నాకు తెలుసు. ఒంటిగాడు. పెండ్లి లేదు, పిల్లలు లేరు."

"ఒంటరిగా ఉన్నోళ్లంతా గుంతల దూకుతరా?"

గాలయ్య నాలుక కరుచుకున్నాడు. మేడం కూడా పదకొండేళ్లుగా ఒంటరిగానే ఉంటోంది. భర్త పోయాక మక్తల్ వదిలి, క్వార్టర్లో ఒక్క కంచం, ఒక్క గ్లాసుతో.

లింగస్వామి ఒళ్లు చూస్తే రాళ్లచెలక ఊరి నీళ్లు ఏం చేశాయో తెలుస్తుంది. ఫ్లోరైడ్ నడుమును విల్లులా వంచింది. మెడ బిగుసుకుపోయింది. మోచేతులు సగం మడిచి అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు ఊళ్లోకి మంచి నీళ్లొచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం ఆ సంగతి వినలేదు.

కారు కూడా ఆయన ఒంటికి తగ్గట్టే ఉంది. స్టీరింగ్ చక్రం మామూలు జాగాలో లేదు. పళ్లెంలా పడుకోబెట్టి గుండె దగ్గరికి తెచ్చారు. ఎడమ చేతి కింద బ్రేకు, ఆక్సిలరేటర్లకు ఒక లీవర్. చక్రం అంచుకు ట్రాక్టర్లకు ఉండేలాంటి పిడి. ఆ పిడి అవతల, అద్దం వైపు ఉంది.

చక్రం కింది రాడ్ మూతలేకుండా కనిపిస్తోంది. రాడ్ చివర వంపు తిరిగే ఒక క్రాస్ జాయింట్, అక్కడి నుంచి ఇంకో రాడ్, ఇంకో జాయింట్. మొదటి జాయింట్ అంచున కొంచెం పసుపు, కుంకుమ. అర్ధచంద్రంలా, సగం బొట్టు.

వెనక సీటు సందులో నాలుగైదు పచ్చని గింజలు. నాగరాణి వాటిని ఒక కవర్లో వేసుకుంది.

"ఏంది మేడం అవి?"

"బియ్యం."

*

సాయంత్రానికి స్టేషన్ ముందు రాళ్లచెలక జనం గుమిగూడారు. లోపల బెంచీ మీద గులాం నబీ కూర్చున్నాడు. దేవరకొండ రోడ్డులో వెల్డింగ్ షాపు. జుమ్మా నమాజు నుంచి నేరుగా షాపుకు వస్తే అక్కడి నుంచి పట్టుకొచ్చారు. టోపీ ఇంకా తల మీదే ఉంది.

ఎదురుగా లింగస్వామి తమ్ముడు సోమన్న ఊగిపోతున్నాడు. నిటారైన మనిషి. చిన్నప్పుడే మేనమామ తీసుకుపోయి మిర్యాలగూడలో పెంచాడు. ఒకే తల్లి కడుపు, వేరే బావి నీళ్లు. ఒంటి మీద కొత్త చొక్కా. మడతలు ఇంకా పోలేదు.

"వీడే సంపిండు మేడం! తుప్పు రాడ్లకు అతుకులేసి బండి అన్నడు. నా అన్నను శవం జేసిండు!"

"మీ అన్నను చివర ఎప్పుడు చూసినవ్?"

"నిన్న పొద్దుగూకినంక. బుధారం నాడు దవాఖానల షరీకైండు, నడుముకు సూదులేయించుకోనీకె. సూదులేసినంక బండి నడపొద్దన్నరు. బండి ఇంటికాడ ఇడిశి పోయిండు. మళ్ల నేనే ఆటో మాట్లాడి తెప్పిచ్చిన."

"ఏం పని చేస్తవ్?"

"ట్రాక్టర్ నడుపుత."

నాగరాణి నబీ వైపు తిరిగింది.

"బండి నువ్వే చేసినవా?"

"జీ మేడం."

"జాయింట్లు ఎందుకు పెట్టినవ్?"

"చక్రం ఆయన కాడికి రావాలె గదా. ఆయన చెయ్యి చక్రం కాడికి పోదు. దర్జీ బట్టకు కొలిచినట్టు ఒళ్లు కొలిచిన. రాడ్ కోసిన. రెండు జాయింట్లు, నడుమ ఒక బేరింగు."

"వెల్డింగ్ ఎట్ల చేసినవ్?"

"ముందు నాలుగు దిక్కుల చుక్కలు కొట్టిన. చక్రం అటు కొస దాక, ఇటు కొస దాక తిప్పి చూసిన. యాడ పట్టలె. అప్పుడు పూరా వెల్డింగ్. జాయింట్ కు తడి గుడ్డ చుట్టి చేసిన, లోపటి గ్రీజు కాలొద్దని. పైన చక్రం రాడ్ కు మాత్రం వెల్డింగ్ లేదు. జాయింట్ లోపటి పళ్లల్ల కూసుంటది, బోల్టు బిగిస్తం. రేపు మరమ్మత్తుకు విప్పాలె గదా."

"ఆయన నీకు ఇయ్యాల ఫోన్ చేసిండు. ఒంటి గంట ఇరవైకి. ఎందుకు ఎత్తలేదు?"

నబీ తల వంచుకున్నాడు. "మసీదుల ఉన్న. ఫోన్ బంద్ జేసిన."

బయట ఎవడో "షాపు తగలబెడుదాం" అని అరిచాడు. నబీ ఉలిక్కిపడలేదు.

"మేడం, నన్ను లోపటెయ్యుండ్రి. ఫికర్ లేదు. షాపుల ఇంకో బండి సగం అయింది. తిప్పలగూడెం పుష్పది. దాన్ని మాత్రం ఇనుప సామాన్లోళ్లకు పోనియ్యకుండ్రి."

*

శనివారం పొద్దున క్రేన్ తెచ్చిన కారును స్టేషన్ ఆవరణలో మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ పరీక్షించాడు. మర్యాదస్తుడు. చేతికి నూనె అంటినా లెక్కచేయకుండా గంటసేపు కారు కిందే ఉన్నాడు.

"వెల్డింగ్ పగల్లేదు మేడం. బోల్టు ఉంది, గట్టిగానే ఉంది. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయి, ఇరుసు వంగి అట్లాగే బిగుసుకుపోయాయి."

"మరి మలుపు ఎందుకు తిరగలేదు?"

"జాయింట్లు పట్టేసి ఉంటాయి. ఇరుసు వంగింది కాబట్టి ఇప్పుడు తిప్పి చూడలేం. కానీ ఆ పుష్ప అనే ఆవిడ స్టేట్‌మెంట్ ఉంది కదా?"

ఉంది. శుక్రవారం లింగస్వామి బయల్దేరేముందు పుష్పకు ఫోన్ చేశాడు. ఆమెను ఎక్కించుకొని నబీ షాపుకు పోవాలి, ఆమె బండికి కొలతలివ్వాలి. ఫోన్లో అన్న మాట: "బండికి మెడ పట్టింది. మెల్లగ వస్త."

"స్టీరింగ్ పట్టేసిందనే కదా అర్థం? నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని 304-ఏ కింద మేకర్ మీద కేసు నిలబడుతుంది. ఇలాంటి బండ్లకు ఇక పర్మిషన్ కూడా కష్టమే."

"ఆ సగం బొట్టు చూశారా?"

"ఆయుధపూజ బొట్టు. సగం చెరిగిపోయింది." ఆయన చేతులు తుడుచుకున్నాడు.

*

పుష్ప గడప దగ్గర కుట్టుమిషన్‌ను చేత్తో తిప్పుతోంది. వయసు ముప్పై దాటింది. మోకాళ్లు లోపలికి తిరిగిపోయాయి. నడవదు, కూర్చునే జరుగుతుంది.

"రాండ్రి మేడం. కుర్చీ మీరే తెచ్చుకోవాలె. నేను లేవాల్నంటే మీ డ్యూటీ దిగిపోతది."

నాగరాణి నవ్వబోయి ఆగింది. ఆమె కళ్లు ఏడ్చి వాచి ఉన్నాయి.

"లింగస్వామి ఎట్లాంటి మనిషి?"

"వాచీలు, సెల్‌ఫోన్లు బాగు జేసెటోడు. 'తల దించుకొని చేసే పని పుష్పా, దేవుడు ముందే దించి పంపిండు' అనెటోడు. బండి వచ్చినంక మనసు పడ్డ చోటికల్లా పోయిండు. పని లేకున్నా పోయిండు. దేవరకొండ రోడ్డు హోటల్ల ఒక్కడే కూసోని చాయ్ తాగి వచ్చెటోడు. 'ఎవ్వరినీ అడుగకుంట పోయి తాగిన చాయ్' అని నాకు ఫోన్ల జెప్పెటోడు."

"బతకాలని లేదని ఎప్పుడన్నా అన్నడా?"

"ఆయనా? నాకు బండి నేర్పుతనన్నడు మేడం. మీ జీపును ఓవర్‌టేక్ జెయ్యాలని మా ఇద్దరి పందెం."

"ఆ బొట్టు ఎవరు పెట్టింది?"

"ఆయనే. దసరాకు. అందరు బానెట్ కు పెడ్తరు. ఈయన జాయింట్ కు పెట్టిండు. 'నా మెడ తిరుగది, దీని మెడ తిరుగుతది, బొట్టు దీనికే' అన్నడు. రాడ్ జాయింట్లకు దూరే కాడ, సరిగ్గ నడుమ, అటు సగం ఇటు సగం. పసుపు నూనెల తడిపి పెట్టిండు, మళ్ల దసరా దాక పోవద్దని."

నాగరాణి పెన్ను ఆగింది.

"మెడ పట్టింది అన్నప్పుడు నవ్విండా, భయపడ్డడా?"

"నవ్విండు. 'పొద్దున లేస్తె మెడ అటే తిరిగిపోయి ఉంది' అన్నడు."

*

ఆదివారం పొద్దున పక్క క్వార్టర్ ఆవిడ తలుపు తట్టింది. చేతిలో స్వీట్ డబ్బా.

"మొన్న మా చెల్లె బిడ్డ పెండ్లి అయింది మేడం. మీకు డ్యూటీలుంటయని పిలువలె. ఏమనుకోకుండ్రి."

"ఏమనుకుంట. తీరుబడి ఉండదు."

ఆమె పోయింది. డ్యూటీ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. భర్త లేని ఆడదాన్ని పెండ్లికి పిలవకుండా, తరవాత లడ్డూ పంపడం మర్యాదైన పద్ధతి.

డబ్బా మూతకు ఒక పసుపుపచ్చని గింజ అంటుకొని ఉంది.

నాగరాణి దాన్ని వేలి కొసకు తీసుకుంది. చాలాసేపు చూసింది. అక్షింతలు. పదకొండేళ్లుగా దూరం నుంచే చూసిన రంగు. క్వారీ గుంతలో ఆ బియ్యం దొరికినప్పుడే గుర్తుపట్టాల్సింది.

లింగస్వామిని పెండ్లిండ్లకు ఎవరు పిలుస్తారు?

లడ్డూ అక్కడే వదిలి స్టేషన్‌కు పోయింది. టార్చి పట్టుకొని కారులో పడుకొని, చక్రం రాడ్ కింది భాగం చూసింది.

సోమన్న ఒంటి మీది కొత్త చొక్కా గుర్తొచ్చి గాలయ్యకు ఫోన్ చేసింది. "సోమన్న అత్తగారి ఊరు ఏది? కనుక్కో. గురువారం ఆ ఊళ్లో పెండ్లి ఫొటోలు తీసినోన్ని పట్టుకో."

*

సోమవారం పదకొండు గంటలకు అందరూ ఆవరణలో కారు చుట్టూ ఉన్నారు. వెహికిల్ ఇన్‌స్పెక్టర్, నబీ, సోమన్న. పుష్పను గాలయ్య జీపులో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సార్," నాగరాణి వెహికిల్ ఇన్‌స్పెక్టర్‌తో అంది, "చక్రాలు తిన్నగా ఉన్నాయి. స్టీరింగ్ పిడి ఎక్కడుంది?"

"అద్దం వైపు."

"నబీ, నువ్వు పిడి ఎక్కడ పెట్టినవ్?"

"ఆయన గుండె కాడ. చెయ్యి అక్కడికే పోతది."

వెహికిల్ ఇన్‌స్పెక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"బొట్టు చెరిగిపోలేదు సార్. టార్చి కొట్టి రాడ్ కింద చూడండి."

ఆయన వంగాడు. లేచేసరికి ముఖం మారింది. "మిగతా సగం కింద ఉంది."

"రాడ్ మీది సగం కిందికి పోయింది. జాయింట్ మీది సగం పైనే ఉంది. బొట్టు పెట్టిన తరవాత ఎవరో బోల్టు తీసి, రాడ్ బయటికి లాగి, మళ్లీ అరచుట్టు తప్పుగా దూర్చారు. జాయింట్లు పట్టేయలేదు. మెడ పట్టడమంటే బిగుసుకుపోవడం ఒక్కటే కాదు. పొద్దున లేచేసరికి ముఖం ఒక దిక్కుకే తిరిగిపోయి ఉండటం కూడా. లింగస్వామి చెప్పింది అదే. పిడి అటు దిక్కుకు పోయిందని."

"ఎందుకు తీస్తారు?"

"మామూలు మనిషి ఆ సీట్లో కూర్చోలేడు కాబట్టి. చక్రం పొట్టకు తగులుతుంది. పైకి జరపాలంటే ఆ బోల్టు విప్పాలి. చక్రాన్ని పట్టి ఉంచే ఈ బ్రాకెట్‌కు పైన ఇంకో రెండు రంధ్రాలున్నాయి. కొలత చూసేటప్పుడు నబీ వేసినవి. వాటి చుట్టూ పెయింటు కొత్తగా గీసుకుపోయింది. నిటారుగా ఉన్న మనిషి ఎవరో ఈ కారు నడిపాడు. అక్షింతలు పడే చోటికి."

గాలయ్య సెల్‌ఫోన్ ముందుకు చాపాడు. ఫొటోలో తెల్ల మారుతి. బానెట్ నిండా బంతిపూలు. వెనక పెండ్లికొడుకు. డ్రైవింగ్ సీట్లో, కొత్త చొక్కాలో సోమన్న.

"బామ్మర్ది పెండ్లి," గాలయ్య అన్నాడు. "ఇదే చొక్కా మేడం."

"సోమన్నా. లింగస్వామిని ఆ పెండ్లికి పిలిచిండ్రా?"

సోమన్న చొక్కా అంచు సవరించుకున్నాడు.

"పిలిచిండ్రా?"

"లేదు... మా అత్తగారోళ్లు... శుభం జరిగే కాడ గట్లాంటోళ్లు ఎందుకన్నరు."

"బండిని పిలిచిండ్రు," పుష్ప కుర్చీలోంచి అంది. "బండి ఆసామిని పిలువలె."

సోమన్న చేతులు జోడించాడు.

"ఒక్క రోజు మేడం. కారుల పోయి దిగాలని. అన్న దవాఖానల ఉండె. వచ్చేటాల్లకు మళ్ల ఎట్లున్నది అట్ల పెట్టిన. బోల్టు గట్టిగ బిగిచ్చిన, ఒట్టు. పిడి అటున్నదని చూసిన గూడ. చక్రం గుండ్రంగనే ఉంటది గదా, పిడి యాడుంటే ఏమాయె అనుకున్న. ట్రాక్టర్ కు ఎటున్నా అందుతది..."

"నీ చెయ్యికి అందుతది," నాగరాణి అంది.

ఆమె కారులోకి వంగి, మోచేయి మడిచి, చక్రం మీద చెయ్యి పెట్టింది. వేళ్లు ఇవతలి అంచు దగ్గరే ఆగాయి.

"సీదా రోడ్డు మీద అంచు పట్టుకొని నెట్టుకొచ్చిండు. మలుపు దగ్గర పిడి కావాల్సి వచ్చింది. కుడిచెయ్యి అందలేదు. ఎడమ చెయ్యి బ్రేకు లీవర్ వదిలి చక్రం మీదికి వచ్చింది. అదీ అందలేదు. బ్రేకు గీతలు అందుకే లేవు. గుర్వయ్య చూసిన చేతులు అవే. ఎవరినీ పలకరించలేదు."

నబీ టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొకటి, సోమన్నా. నబీకి ఫోన్ కలవకపోతే మీ అన్న వెంటనే నీకు చేసిండు. ఒంటి గంట ఇరవై రెండుకు. అంతసేపూ మోగింది. ఫోన్ చూసినవా?"

సోమన్న నేల చూస్తూ అన్నాడు.

"చూసిన. బండి సంగతి అడుగుతడని ఎత్తలె."

*

304-ఏ కేసులో పేరు మారింది. సోమన్నను కోర్టులో హాజరుపరిచారు. వెహికిల్ ఇన్‌స్పెక్టర్ తన రిపోర్టు తనే కొట్టేసి కొత్తది రాశాడు. కింద ఒక వాక్యం చేర్చాడు: బండి తయారీలో లోపం లేదు.

మూడు వారాల తరవాత నాగరాణి దేవరకొండ రోడ్డులో పోతూ జీపు ఆపించింది. నబీ షాపులో నీలం రంగు మారుతి నిలబడి ఉంది. చక్రం నిలువుగా, బాగా కిందికి. లోపల పుష్ప కూర్చొని చేతులు చాపి చూస్తోంది. కొత్త జాయింట్ మీద తడి గుడ్డ ఇంకా ఆవిరి కక్కుతోంది.

నబీ గుడ్డ తీశాడు. వెల్డింగ్ చేపపొలుసుల్లా వరసగా ఉంది. పైన రాడ్ బోల్టు బిగించి, రెండు చేతులూ దులుపుకొని పక్కకు జరిగాడు.

"మేడం, జర ఇటు రాండ్రి," పుష్ప పిలిచింది. ఒళ్లో చిన్న డబ్బీ. నూనెలో తడిపిన పసుపు, కుంకుమ. "మెడకు బొట్టు పెట్టాలె. నా చెయ్యి అంత కిందికి పోదు."

నాగరాణి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనెందుకు పుష్పా. ముత్తైదువను ఎవరినన్నా..."

"ఎందుకో నాకు ఎరుకే." పుష్ప డబ్బీ ఇంకా చాచే ఉంది. "పెండ్లికి నన్ను పిలువరు. మిమ్ముల పిలువరు. ఆయనను పిలువలె. మనమే పెట్టుకోకపోతే మన బండికి ఇంకెవరు పెడ్తరు? పెట్టుండ్రి."

షాపులో గ్రైండర్ ఆగింది.

నాగరాణి తలుపులోంచి లోపలికి వంగింది. రాడ్ జాయింట్‌లోకి దూరే చోట వేలితో వెతికింది. ఇనుము ఇంకా గోరువెచ్చగా ఉంది. సరిగ్గా నడుమ పెట్టింది. సగం అటు, సగం ఇటు.

ఆ రాత్రి క్వార్టర్లో ఒక్క కంచం, ఒక్క గ్లాసు. అన్నం ముందు కూర్చొని వేలి కొస చూసుకుంది. కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది. చెంచా వెతికి తెచ్చుకొని, ఎడమ చేత్తో తింది.